ఇంజిన్ దీపం వెలిగిందా? సామాను మార్చే ముందు కోడ్ చదివించండి

కూరగాయలు, పాలు పట్నం చేర్చడానికి పాత వ్యానో, కారో కొనుక్కున్న రైతులు ఊరికి నలుగురైనా ఉంటారు. బండి బాగానే నడుస్తుంటుంది. ఒకనాడు మీటరు దగ్గర ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలుగుతుంది. షెడ్డుకు తీసుకెళితే 'సెన్సర్ పోయింది, మార్చాలి' అంటారు. వేలు పోసి మార్చినా దీపం ఆరదు. పంట డబ్బులు బండికే పోతాయి. కంప్యూటర్ తగిలించి లోపం ఎక్కడుందో ముందే చదివించుకుంటే ఇలాంటి ఖర్చు చాలావరకు తప్పించుకోవచ్చు.

దీపం ఎందుకు వెలుగుతుంది?

ఇంజెక్షన్ పెట్రోలు బండ్లలో కార్బురేటర్ ఉండదు. పెట్రోలు ఎంత పంపాలో ఈసీఎం అనే ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయిస్తుంది. రేడియేటర్ నీటి వేడి, లోపలికి వెళ్లే గాలి, క్రాంకు తిరిగే వేగం సెన్సర్ల ద్వారా దానికి తెలుస్తాయి. ఏదైనా లెక్క తప్పితే ఆ లోపానికి ఒక కోడ్ రాసిపెట్టుకుని దీపం వెలిగిస్తుంది. కార్బురేటర్ బండ్లకు ఇది వర్తించదు.

మీ బండికి కుదురుతుందా?

మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ 1 నుంచి ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి అయింది. వీటిలో డ్రైవర్ వైపు, డాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. మామూలు స్కానర్‌తో చదవొచ్చు. అంతకుముందు బండ్లలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. సాకెట్ చూడడానికి అలాగే ఉన్నా మామూలు స్కానర్‌కు అందకపోవచ్చు. అప్పుడు ఆ కంపెనీ బండ్లకు సరిపోయే స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి.

ల్యాప్‌టాప్‌ను సాకెట్‌కు నేరుగా తీగలతో కలపకూడదు. బండిలో 12 వోల్టుల కరెంటు కంప్యూటర్ పోర్టును కాల్చేస్తుంది. మధ్యలో అడాప్టర్ ఉండాలి. పాత బండ్లు చాలావరకు 7వ పిన్ను (కే-లైన్) మీద, కొత్తవి 6, 14 పిన్నుల (క్యాన్) మీద మాట్లాడతాయి. అడాప్టర్ కొనేటప్పుడు కే-లైన్‌కు కూడా పనిచేస్తుందా అని అడగండి.

ఎలా చదవాలి?

* తాళం ఆపి అడాప్టర్ తగిలించండి. తర్వాత తాళం ఆన్ చేయండి.
* వచ్చిన కోడ్‌లన్నీ కాగితం మీద రాసుకోండి. రాసుకోకుండా చెరిపేయొద్దు.
* కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఏది మార్చాలో చెప్పదు.

పి0118 వచ్చిందనుకోండి. అది నీటి వేడి సెన్సర్ లైనుకు చెందినది. స్క్రీన్ మీద వేడి మైనస్ 40 డిగ్రీలు చూపిస్తే, మన ఎండల్లో అది జరిగే పని కాదు కదా! సాధారణంగా తీగ తెగినా, క్లిప్పు ఊడినా అలా చూపిస్తుంది. కొట్టంలో నిలిపిన బండికి ఎలుకల బెడద ఎక్కువ. కాబట్టి ముందు తీగలు చూడండి. తీగలు బాగుంటేనే సెన్సర్ సంగతి.

పి0301 అంటే ఒకటో సిలిండర్ సరిగా మండడం లేదని. అందులోని ప్లగ్గును రెండో దానిలోకి మార్చి, కోడ్ చెరిపి నడిపి చూడండి. ఈసారి పి0302 వస్తే లోపం ప్లగ్గుదే. పి0562 వస్తే బ్యాటరీ టెర్మినళ్లు, ఆల్టర్నేటర్ చూపించండి.

పాత బండి కొనేవారికి

తాళం ఆన్ చేయగానే ఇంజిన్ దీపం వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారేమోనని అనుమానించండి. అమ్మే ముందు కోడ్‌లు చెరిపేసేవారూ ఉంటారు. ఓబీడీ-2 బండిలో స్వయం పరీక్షలు చాలావరకు 'పూర్తికాలేదు' అని స్కానర్ చూపిస్తే ఈమధ్యే కోడ్‌లు చెరిపారనో, బ్యాటరీ తీశారనో అర్థం. నాలుగు రోజులు నడిపించి మళ్లీ చూశాకే డబ్బు చేతికివ్వండి.

దీపం మిణుకుమిణుకుమంటుంటే మాత్రం బరువుతో నడపొద్దు. ఎర్ర ఆయిల్ దీపం వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపండి. ఈ రెండు సందర్భాల్లో కోడ్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇంజిన్ దక్కాలి.