పిండి కొద్దీ రొట్టె: గ్రాఫిక్స్ కార్డు ఎంచుకోవడం ఎట్లా?

"యా కార్డు వేసుకుంటే బాగుంటది?" అనే ప్రశ్న కంప్యూటరు ఉన్న విద్యార్థులు నలుగురు చేరినచోట తప్పకుండా వినిపిస్తుంది. కొత్త ఆట ఒకటి వస్తుంది. మన పాత కంప్యూటరులో అది నత్తనడక నడుస్తుంది. వెంటనే మనసు కొత్త గ్రాఫిక్స్ కార్డు మీదికి పోతుంది. ఇరవై వేలో, ముప్పై వేలో అందుకు కావాలి. చిలమకూరు, ఎర్రగుంట్ల చుట్టుపట్ల నల్లరేగడిలో బుడ్డశనగ వేసే ఇంటి పిల్లలకు అంత డబ్బు విలువ ఏందో ఎవరూ చెప్పనక్కరలేదు. అట్లాంటి డబ్బు పెట్టి తెచ్చిన కార్డు పెట్టెలో పట్టకపోయినా, పట్టి కూడా ఆట వేగం పెరగకపోయినా నష్టపోయేది మనమూ, మన ఇంటివాళ్ళూ.

సాధారణంగా మనం చేసేదేమంటే ముందు కార్డును ఇష్టపడి, తర్వాత దానికోసం తక్కినవన్నీ సర్దుకుంటాం. అది తలకిందుల పద్ధతి. ముందు మన కంప్యూటరును చదవాలి, కార్డును చివరన ఎంచుకోవాలి. ఎందుకో, ఎట్లనో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కార్డు చేసే పని

తెరమీద కనిపించే బొమ్మ చిన్న చిన్న చుక్కల కూర్పు. మామూలు మానిటరులో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే మొత్తం 20,73,600. ఆట సాఫీగా కనిపించాలంటే సెకనుకు కనీసం 60 బొమ్మలు మారాలి. ఈ బొమ్మనే ఫ్రేము అంటారు. అంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు లెక్కకట్టాలి. ఒక్కొక్క ఫ్రేముకు దొరికే వ్యవధి సెకనులో అరవయ్యో వంతు మాత్రమే.

కంప్యూటరులోని ప్రాసెసరు తెలివైన మేస్త్రి వంటిది. ఏ పనైనా చేయగలదు గాని, దానికి ఉన్న చేతులు తక్కువ. గ్రాఫిక్స్ కార్డు అట్ల కాదు. చేలో కలుపు తీసే కూలీల గుంపును తలచుకోండి. అందరిదీ ఒకే పని. తలా ఒక సాలు పట్టుకుంటారు, చేను చేనంతా ఒకేసారి కదులుతుంది. కార్డులో ఇట్లాంటి చిన్న లెక్కల కేంద్రాలు వేలకొద్దీ ఉంటాయి. 1999లో ఎన్విడియా కంపెనీ జీఫోర్స్ 256 అనే కార్డును విడుదల చేస్తూ జి.పి.యు. అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది. నేడు ఈ రంగంలో ఎన్విడియా, 2006లో ఏ.టి.ఐ. కంపెనీని కొన్న ఏ.ఎం.డి., 2022లో ఆర్క్ కార్డులతో వచ్చిన ఇంటెల్ ముఖ్యమైనవి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మేస్త్రి పని చెప్పనిదే కూలీలు కదలరు. ఆటలో ఎవరు ఎక్కడ ఉన్నారు, తూటా ఎటు పోయింది అనేవి ప్రాసెసరు తేల్చిన తర్వాతనే కార్డు బొమ్మ గీస్తుంది. కాడికి ఒకపక్క ఒంగోలు గిత్తను, ఇంకొకపక్క ముసలి ఎద్దును కడితే మడక ముసలిదాని నడకనే పోతుంది గదా! ఇక్కడా అంతే.

లోపం కార్డుదేనా?

దీన్ని తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఆట నడుస్తుండగా దాని సెట్టింగుల్లో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. 1080 నుండి 720కి తగ్గిస్తే చుక్కల సంఖ్య సగానికంటే తక్కువవుతుంది. అప్పుడు ఫ్రేములు బాగా పెరిగితే కార్డే బలహీనంగా ఉందని అర్థం. ఏమీ పెరగకపోతే కార్డు ఖాళీగానే ఉంది, ప్రాసెసరే అందుకోలేకపోతోందన్నమాట. విండోసులోని టాస్క్ మేనేజరులో జి.పి.యు. వాడకం చూసినా తెలుస్తుంది. అది 95 శాతం పైన నిలిస్తే కార్డు అలసిపోతోంది. 50, 60 దగ్గరే ఆడుతుంటే కొత్త కార్డు తెచ్చినా పెద్ద ప్రయోజనం ఉండదు.

వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటివి ఎక్కువగా ప్రాసెసరు మీద ఆధారపడే ఆటలు. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 వంటివి కార్డును పిండుతాయి. కాబట్టి ఏ ఆట కోసం కొంటున్నామో ముందు తేల్చుకోవాలి. ఇంకొక మాట. కంప్యూటరులో 8 జి.బి. ర్యామ్ ఒకే ముక్కగా ఉంటే, అట్లాంటిదే ఇంకొకటి మదర్‌బోర్డు పుస్తకం చెప్పిన స్లాటులో వేయడం వల్లనే చాలా ఆటల్లో తడబాటు తగ్గుతుంది. రెండు ముక్కలున్నప్పుడు ర్యామ్ నుండి ప్రాసెసరుకు దారి రెండింతలవుతుంది. 2025 చివరి నుండి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి గాని, కార్డు ధరతో పోల్చి చూసుకోవచ్చు.

కరెంటు, చోటు

పరీక్షలో కార్డే బలహీనమని తేలిందనుకుందాం. అప్పుడైనా నేరుగా అంగడికి పోకూడదు. పెట్టె తెరిచి పవర్ సప్లై చూడాలి. ఐదు హెచ్.పి. మోటారు బోరులో దించి సన్న వైరు లాగితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

మదర్‌బోర్డు మీది స్లాటు కార్డుకు ఇవ్వగలిగేది 75 వాట్లు. అంతకు మించితే పవర్ సప్లై నుండి వేరే తీగ రావాలి. ఆరు పిన్నుల తీగ ఇంకొక 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు ఇస్తుంది. మీ పవర్ సప్లైలో ఆ తీగలు ఉన్నాయా, లేవా? ఇదే మొదటి ప్రశ్న.

రెండవది, పైన పెద్ద అక్షరాలతో రాసిన వాట్లను నమ్మకూడదు. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి గుణించాలి. ఉదాహరణకు పైన 450 వాట్లు అని ఉండి, పట్టికలో 12 వోల్టులకు 18 ఆంపియర్లే ఉంటే, కార్డుకూ ప్రాసెసరుకూ కలిపి దొరికేది 216 వాట్లు. ఇంటర్మీడియెట్‌లో చదివిన సూత్రమే ఇది. యు.పి.ఎస్. ఉన్నవాళ్ళు దాన్నీ చూసుకోవాలి. 600 వి.ఏ. అని రాసిన చిన్న యు.పి.ఎస్. సాధారణంగా మోయగలిగేది 360 వాట్లే. మానిటరు కూడా అందులోనే కలుస్తుంది.

ఆఫీసుల నుండి వచ్చిన పాత కంప్యూటర్లు మన విద్యార్థుల దగ్గర చాలా ఉన్నాయి. వీటిలో పవర్ సప్లై చిన్నది. కొన్నింటిలో దాని ఆకారం, పిన్నులు కూడా ప్రత్యేకం గనుక మార్చడం కష్టం. సన్న పెట్టె అయితే పొట్టి కార్డులే పడతాయి. టేపు తీసుకుని స్లాటు నుండి ముందు గోడ దాకా పొడవు, పక్క తలుపు దాకా ఎత్తు కొలవాలి. కార్డు కొలతలు దాని డబ్బా మీద, కంపెనీ వివరాల్లో మిల్లీమీటర్లతో సహా ఉంటాయి.

మన సీమ ఎండ సంగతి కూడా లెక్కలోకి రావాలి. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా కార్డును ఏ ఫ్యానూ చేయలేదు. వేడి ఒక హద్దు దాటితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నాపరాయి కోసి పాలిష్ పట్టే మన ఊళ్ళలో సన్న దుమ్ము ఫ్యాను రెక్కలకు, లోపలి రేకులకు పట్టుకుంటుంది. కాబట్టి గాలి ఆడే పెట్టె, రెండు నెలలకొకసారి శుభ్రం చేసే అలవాటు అవసరం. కరెంటు లెక్క కూడా చిన్నదేమీ కాదు. 170 వాట్ల కార్డుకూ 70 వాట్ల కార్డుకూ తేడా 100 వాట్లు. రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు 9 యూనిట్లు.

కార్డులోని మెమరీ

కార్డు పక్కనే దాని సొంత మెమరీ ఉంటుంది. బొమ్మకు కావలసిన సరుకంతా అందులో నిల్వ ఉండాలి. చేనుగట్టు మీద విత్తనాలు పెట్టుకుని విత్తడానికి, ప్రతి సాలుకూ ఇంటికి పోయి తెచ్చుకోవడానికి ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. ఉదాహరణకు ఏ.ఎం.డి. ఆర్.ఎక్స్. 6600 కార్డు తన మెమరీ నుండి సెకనుకు 224 జి.బి. తెచ్చుకోగలదు. మెమరీ చాలక కంప్యూటరు ర్యామ్ నుండి తెచ్చుకోవలసి వస్తే, మూడవ తరం పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటులో పూర్తి 16 దారులున్నా వచ్చేది సుమారు 16 జి.బి. మాత్రమే. కొన్ని చౌక కార్డులు అన్ని దారులనూ వాడుకోవు. 2022లో వచ్చిన ఆర్.ఎక్స్. 6400, 6500 ఎక్స్.టి. అనేవి నాలుగు దారులే వాడతాయి, మెమరీ కూడా 4 జి.బి.యే. పాత కంప్యూటరులో వేస్తే ఇవి ఇంకా నీరసిస్తాయి. కొత్త ఆటలకు 8 జి.బి. ఉండడం మంచిది. పాత ఆటలు చాలనుకునేవానికి 4, 6 జి.బి.లతోనూ గడుస్తుంది.

ఏ కంప్యూటరుకు ఏ కార్డు?

వేరే తీగ లేని పాత ఆఫీసు కంప్యూటరుకు 2024లో వచ్చిన ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 3050, 6 జి.బి. రకం కుదురుతుంది. దాని వాడకం 70 వాట్లు. స్లాటు కరెంటుతోనే నడిచేవి, పొట్టివి కూడా ఇందులో దొరుకుతాయి. అయితే 2022లో ఇదే పేరుతో వచ్చిన 8 జి.బి. కార్డు వేరు, దానికి 130 వాట్లు కావాలి, వేగమూ ఎక్కువే. పేరు ఒకటే, సరుకు వేరు. అంగట్లో అడిగేటప్పుడు జి.బి. కూడా చెప్పి అడగాలి.

ఎనిమిది పిన్నుల తీగ ఉన్న మంచి పవర్ సప్లై ఉంటే 2021లో వచ్చిన ఆర్.ఎక్స్. 6600 కార్డును చూడవచ్చు. 8 జి.బి. మెమరీ, 132 వాట్లు. 1080 మానిటరుకు ఇది సరిజోడు. దీని తర్వాత వచ్చినవాటిలో 2023 నాటి ఆర్.టి.ఎక్స్. 4060 వాడకం 115 వాట్లే. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బి580 కార్డులో 12 జి.బి. ఉంది గాని 190 వాట్లు కావాలి. పైగా రీసైజబుల్ బార్ అనే సదుపాయం మదర్‌బోర్డులో లేకపోతే దాని వేగం బాగా తగ్గిపోతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో పదవ తరానికి ముందువి ఉన్నవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు.

వాడిన కార్డులు

2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకుంది. అంతవరకు దాన్ని తవ్వడానికి రాత్రింబగళ్ళు నడిచిన కార్డులు వాడిన సరుకుల బజారుకు వచ్చాయి. అవన్నీ చెడ్డవని కాదు. పాత ట్రాక్టరు కొనేముందు పొలంలో దున్ని చూసినట్టే, కార్డును అరగంట ఆటలో నడిపి చూడాలి. ఫ్యాను చప్పుడు, వేడి, తెరమీద చుక్కలు గమనించాలి. జి.పి.యు.-జడ్ అనే ఉచిత ప్రోగ్రాము కార్డు అసలు పేరు చూపిస్తుంది. పాత కార్డుకు కొత్త పేరు అంటించిన మోసాలను చాలావరకు అది పట్టిస్తుంది.

ఆయుష్షు కూడా చూడాలి. జి.టి.ఎక్స్. 1050 టి.ఐ., 1060 వంటి కార్డులకు ఆటల కోసం చేసే డ్రైవరు మార్పులను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపివేసింది. భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామన్నది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట వంటివి రే ట్రేసింగ్ సౌకర్యం లేని కార్డులతో అసలు మొదలే కావు. చౌకగా వచ్చిందని పాత జి.టి.ఎక్స్. కార్డు కొనేవారు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

సికిందరాబాదు సి.టి.సి., చెన్నై రిచీ స్ట్రీట్, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు మనవాళ్ళు పోయే బజార్లు. ఎక్కడ కొన్నా కొత్తదైతే జి.ఎస్.టి. బిల్లు తీసుకోవాలి. చెప్పే ధరలో 18 శాతం పన్ను కలిసి ఉందో లేదో ముందే అడగాలి. బిల్లు వద్దంటే తగ్గిస్తామన్న మాటకు లొంగితే తర్వాత వారంటీ అడగడం కష్టమవుతుంది.

వెల లెక్క

చివరకు మిగిలిన రెండు మూడు కార్డులను ఇట్ల తూచవచ్చు. మొదటి కార్డు ధర 20,000 రూపాయలు, మనకు కావలసిన ఆటలో 60 ఫ్రేములు ఇస్తుందనుకుందాం. ఒక్క ఫ్రేముకు పడేది 333 రూపాయలు. రెండవది 28,000, ఇచ్చేది 75 ఫ్రేములు. ఒక్కొక్కటి 373 రూపాయలు. పెద్ద తేడా లేదే, రెండవదే కొందాం అనిపిస్తుంది. కాని దానికి 4,000 పెట్టి కొత్త పవర్ సప్లై కూడా కావాలంటే మొత్తం 32,000. ఫ్రేముకు 427 రూపాయలు. అదీగాక మానిటరు సెకనుకు 60 బొమ్మలే చూపించేదైతే, పైనున్న పదిహేను ఫ్రేములు కంటికి కనిపించవు. కనిపించని పంటకు ఎరువు వేసినట్టే.

కార్డు తెచ్చాక మానిటరు తీగను మదర్‌బోర్డుకు కాక కార్డుకే తగిలించాలి. ఈ చిన్న సంగతి మరిచి, కొత్త కార్డు పనిచేయలేదని బాధపడే వాళ్ళున్నారు. ఆటలో ఫ్రేములను 60కి కట్టడి చేస్తే వేడి, కరెంటు రెండూ తగ్గుతాయి.

ఇంతకూ ఇది ఆటలకేనా అని అధ్యాపకులు అడగవచ్చు. 2007లో ఎన్విడియా కూడా అనే సాధనాన్ని విడుదల చేసిన తర్వాత ఈ కార్డుల మీద శాస్త్రీయ గణనలు చేయడం సులువైంది. రాత్రి ఆటాడిన కార్డు మీదనే పగలు మాత్రికలను గుణించవచ్చు, బ్లెండరులో బొమ్మలు చేయవచ్చు, చిన్న కృత్రిమ మేధ నమూనాలకు శిక్షణ ఇవ్వవచ్చు. ఇంట్లో డబ్బు అడిగేటప్పుడు ఈ మాట చెప్పడమే కాదు, చెప్పినట్టు చేయాలి కూడా.

పరీక్షలన్నీ చేసిన తర్వాత, ఉన్న కార్డే ఇంకొక ఏడాది చాలునని తేలవచ్చు. అదీ మంచి ఫలితమే. అప్పుచేసి, వాయిదాల మీద తెచ్చుకోవలసినంత అవసరం ఏ ఆటకూ లేదు. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. మన దగ్గర ఎంత పిండి ఉందో, మన పెనం ఎంత వెడల్పో ముందు చూసుకుంటే రొట్టె మాడదు.