గోబర్ గ్యాస్ స్లర్రీ నిల్వకు ఎంత గుంత కావాలి? ఎంత ఖర్చు పెట్టాలి?

పాడి పశువులున్న ఇళ్ళలో గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టుకునేటప్పుడు అందరూ పొయ్యి గురించే ఆలోచిస్తారు. బయటికి వచ్చే స్లర్రీని ఎక్కడ నిల్వ చేయాలన్నది ఆఖరున గుర్తొస్తుంది. అప్పటికి చేతిలో డబ్బులు అయిపోతాయి. స్లర్రీని దొడ్డి వెనక వదిలేస్తారు. తొలి వానకు అది వీధి కాలవలో కలుస్తుంది, లేదంటే బావిలోకి దిగుతుంది. కొందరు దీనికి భిన్నంగా అప్పు చేసి మరీ పెద్ద సిమెంటు తొట్టి కట్టి, దానికి వడ్డీ కట్టుకుంటూ కూర్చుంటారు. ఈ రెండూ నష్టమే. ముందుగా లెక్క వేసుకుని దిగితే చిన్న రైతు కూడా తక్కువలో మంచి ఏర్పాటు చేసుకోవచ్చు.

రోజుకు ఎంత వస్తుంది?

పెద్ద గేదె రోజుకు సుమారు 15 కిలోలు, ఆవు 10 కిలోల దాకా పేడ వేస్తాయి. రెండు ఘనపు మీటర్ల గ్యాస్ ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగు గేదెలున్న రైతుకు సరిపోతుంది. పేడకు సమానంగా నీళ్ళు కలపాలి కనుక రోజుకు దాదాపు 100 లీటర్లు లోపల పోస్తాం. ఎంత పోస్తే ఇంచుమించు అంతే బయటికి వస్తుంది.

ఇప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ స్లర్రీని ఎన్నాళ్ళకోసారి పొలానికి తోలగలం? పంట చేలో ఉండగా తోలడం కుదరదు, రెండు నెలలు ఆగాలి అనుకుంటే 6,000 లీటర్ల చోటు కావాలి. ఒక ఘనపు అడుగులో 28 లీటర్ల పైచిలుకు పడుతుంది. కాబట్టి 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గుంత చాలు. పైన అర అడుగు ఖాళీ కోసం మూడున్నర అడుగులు తవ్వుకోవాలి.

దొడ్డి పక్కనే పశుగ్రాసం మడి ఉంటే లెక్క మారిపోతుంది. గడ్డి కోసినప్పుడల్లా కాలవ నీళ్ళతో కలిపి స్లర్రీని పారించుకోవచ్చు. అప్పుడు 15 రోజుల నిల్వ, అంటే 1,500 లీటర్లు చాలు. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గుంతలో అది సరిపోతుంది. గుంత పెద్దది చేసుకునే ముందు పది సెంట్లలో గడ్డి వేసుకోగలమా అని చూసుకోవడం మేలు.

నీళ్ళే అసలు దొంగలు

పాక కడిగిన నీళ్ళు గుంతలోకి వదలకూడదు. రోజుకు 20 లీటర్ల బకెట్లు పది పోసి కడిగితే 200 లీటర్లు. స్లర్రీకి రెండింతలు! రెండు నెలలకు 12,000 లీటర్లు అవుతుంది. పేడను ముందు పారతో ఎత్తేసి, ఆ తర్వాత తక్కువ నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళను గడ్డి మడికి మళ్ళించాలి. అందులో మూత్రం ఉంటుంది. పేడలో నత్రజని 0.3 నుంచి 0.4 శాతం ఉంటే పశువుల మూత్రంలో ఒక శాతం దగ్గర ఉంటుంది. కాబట్టి దాన్ని వృథా పోనివ్వకూడదు.

వాన నీళ్ళ సంగతీ చూడాలి. 10 సెంటీమీటర్ల వాన పడితే పైన చెప్పిన పెద్ద గుంతలో నేరుగా పడేది 650 లీటర్లే. అదే 20 అడుగుల చదరం వాకిలి నీళ్ళు గుంతలోకి వాలితే మరో 3,700 లీటర్లు చేరతాయి. గుంత చుట్టూ అడుగు ఎత్తు గట్టు వేసి, పైన తాటాకు పందిరి గానీ రేకులు గానీ వేసుకోవాలి. నీడ ఉంటే ఎండకు నత్రజని ఆవిరై పోవడం కూడా తగ్గుతుంది.

ఏ రకం గుంత మంచిది?

మట్టి గుంత: ఖర్చు కూలి మాత్రమే. బంకమట్టి నేలల్లో, ఎండుటాకులు, ఊక, చెత్త వేసి స్లర్రీని పీల్పించే పద్ధతికి బాగుంటుంది. ఇసుక నేలల్లో, ఎర్ర నేలల్లో పనికిరాదు. సారమంతా కిందికి దిగిపోతుంది. నల్లరేగడి కూడా వేసవిలో బీటలిస్తుందని మరచిపోవద్దు.

షీటు పరచిన గుంత: చిన్న రైతుకు అనువైనది. షీటు కొలత ఇలా వేయాలి: పొడవుకు రెండు లోతులు కలిపి, గట్టు మీద మడవడానికి రెండు వైపులా కలిపి 3 అడుగులు చేర్చాలి. వెడల్పుకూ అంతే. పెద్ద గుంతకు 20 అడుగులు, 17 అడుగుల షీటు పడుతుంది. అడుగున రాళ్ళు, వేర్లు ఏరేసి మెత్తని మన్ను పరవాలి. ఎత్తేటప్పుడు పార వాడకుండా బకెట్‌తో తోడాలి. నీడలో ఉంటే నాలుగైదేళ్ళు వస్తుంది.

ఇటుక, సిమెంటు తొట్టి: ఎక్కువ కాలం మన్నుతుంది. ఇదే కొలతకు తొమ్మిదంగుళాల గోడ కడితే సుమారు 1,400 ఇటుకలు పడతాయి. అడుగున కాంక్రీటు, లోపల ప్లాస్టరింగు, మేస్త్రీ కూలి అదనం. పశువుల సంఖ్య పెరిగే వీలుండి, చేతిలో డబ్బున్నవారికే ఇది తగును.

బడ్జెట్ ఇలా వేసుకోండి

తవ్వకం, గోడ లేదా షీటు, పైకప్పు, కంచె, పొలానికి తోలే ఖర్చు: ఈ ఐదూ విడివిడిగా రాసుకోవాలి. మొదటి నాలుగింటి మొత్తాన్ని ఎన్నేళ్ళు మన్నుతుందో అన్నేళ్ళతో భాగించాలి. తోలే ఖర్చు ఏటా ఉండేదే కాబట్టి దాన్ని విడిగా కలపాలి.

లెక్క కోసం, సిమెంటు తొట్టికి 45,000 రూపాయలై 15 ఏళ్ళు ఉంటుందనుకుందాం. ఏటా 3,000 పడుతుంది. షీటు గుంతకు 8,000 అయి నాలుగేళ్ళు ఉంటే ఏటా 2,000. పెద్ద తేడా లేదనిపిస్తుంది. కానీ ఆ 45,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీయే 10,800! తొట్టి ఖర్చు అక్కడుంది.

వచ్చేదెంతో కూడా చూద్దాం. రోజుకు 50 కిలోల పేడ అంటే ఏడాదికి 18 టన్నుల పైన. అందులో నత్రజని సుమారు 55 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలు రెండున్నరకు పైగా. ఇప్పటి సబ్సిడీ ధరకు అది ఏడు వందల రూపాయల దగ్గరే. నత్రజని ఒక్కటే చూస్తే ఏ తొట్టీ గిట్టుబాటు కాదు. భాస్వరం, పొటాష్, నేలకు చేరే సేంద్రియ పదార్థం కలిపి చూడాలి. మీ ఊళ్ళో ట్రాక్టరు పెంట ఎంత పలుకుతోంది, ఈ స్లర్రీ వల్ల ఏటా ఎన్ని ట్రాక్టర్లు కొనే పని తప్పుతుంది అన్నదే సరైన కొలత. ఆ మొత్తం కంటే ఏడాది ఖర్చు తక్కువుంటేనే దిగాలి.

ప్రభుత్వ సాయం ఏమైనా ఉందేమో మండల వ్యవసాయాధికారిని, పశువైద్యాధికారిని అడిగి తెలుసుకోవాలి. మంజూరు కాగితం చేతికి రాకుండా, వస్తుందన్న ఆశతో పని మొదలుపెట్టవద్దు.

ఇవి మరవద్దు

గుంత బావికి, బోరుకు కనీసం 50 అడుగుల దూరంలో, పల్లం వైపున ఉండాలి. చుట్టూ నడుం ఎత్తు కంచె తప్పనిసరి. పైన గట్టిపడిన స్లర్రీ నేలలాగే కనిపిస్తుంది. పిల్లలు, దూడలు అడుగు పెడితే లోపలికి పోతారు.

పైన మూసి ఉన్న తొట్టిలోకి ఎవరూ దిగరాదు. అందులో చేరే విషవాయువుకు మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు. పడినవాణ్ణి తీయబోయి వెంటనే దిగిన రెండోవాడూ ప్రాణం పోగొట్టుకుంటాడు. బయటినుంచే కలపాలి, బయటినుంచే తోడాలి. ఆ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు.

ఈ ఏటికి షీటు గుంతతో మొదలుపెట్టండి. రెండు పంటలు చూశాక, స్లర్రీ నిజంగా పొలానికి చేరుతోందని తేలాక, అప్పుడు సిమెంటు మాట ఆలోచించవచ్చు.