ముందు పోవాల్సింది బుష్షే

కొత్తగూడెం నుంచి పాల్వంచ, సారపాక మీదుగా గోదావరి వంతెన దాటి భద్రాచలంలో దిగేదాకా మా జీపు నోరు మెదపదు. దుమ్ముగూడెం దాటి, చర్ల వైపు లోపలి గూడేలకు పోయే మట్టిబాట ఎక్కిందో లేదో, ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుటక్కుమని మొదలుపెడుతుంది. బండి 1990ల నాటి మహీంద్రా, ఫోర్‌వీల్ గేరున్నది. ఆ చప్పుడు విని ఒకాయన షాకబ్జర్లు పోయాయన్నాడు, ఇంకొకాయన స్టీరింగ్ బాక్సన్నాడు. వెనక సీట్లో కూర్చున్న పెద్దాయన బండి అమ్మేయమన్నాడు. తీరా చూస్తే పోయింది అరచేతిలో ఇమిడే రబ్బరు బుష్షు.

ఇలాంటి పాత జీపులకు ముందూ వెనకా కమాన్ కట్టలే. జిప్సీ అయినా అంతే. కట్టలో అన్నిటికన్నా పొడవైన మెయిన్ పట్టీకి రెండు కొసలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. ఒక కొసను ఛాసిస్‌కున్న హ్యాంగర్‌లో కదలకుండా బోల్టు వేస్తారు. రెండోది షాకిల్‌కు వేలాడుతుంది. చక్రం రాయెక్కితే విల్లులా వంగి ఉన్న కట్ట చదునవుతుంది, చదునైతే దాని నిడివి పెరుగుతుంది. ఆ పెరిగిన నిడివి ఎటో ఒకవైపు పోవాలి కాబట్టి షాకిల్ ఉయ్యాలలా ఊగి చోటిస్తుంది. ఈ ఊపులో బోల్టూ పట్టీ ఒకదాన్నొకటి తినేయకుండా మధ్యలో ఉండేదే బుష్షు. అది అరిగిపోయాక కూడా బండి నడిపితే పట్టీ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఆ తర్వాత వంతు హ్యాంగర్‌ది. హ్యాంగర్ పగిలితే వెల్డింగు, ఛాసిస్ పని, నాలుగు రోజులు బండి షెడ్డులో. అందుకే నన్నడిగితే గట్టి బుష్షంటే ఎన్నటికీ అరగనిది కాదు. మిగతావాటికన్నా ముందు, నెమ్మదిగా, చవగ్గా పోయేది.

ఈ మాట అన్నందుకు స్పేర్ పార్టుల దుకాణంలో నన్ను పిసినారిగా లెక్కేశారు.

మొదట్లో విల్లీస్ జీపులకు షాకిల్ దగ్గర రబ్బరే లేదు. మరలు కోసిన ఇనుప బుష్షు, దానికో గ్రీజు నిప్పిల్. యుద్ధంలో వారానికోసారి గ్రీజు కొట్టడానికి సిపాయిలుంటారు. మనకు లేరు. లేతు మిషన్ మీద ఇత్తడి బుష్షు చేయించుకున్నా ఇదే తంతు. గ్రీజున్నన్నాళ్లూ రాజాలా ఉంటుంది, కానీ ఎండాకాలపు బాటల్లో గ్రీజుకు సన్నటి దుమ్ము అంటుకుంటే అది వాల్వులు నూరే ముద్దతో సమానం. పిన్నూ బుష్షూ కలిసి అరుగుతాయి. మనకు కావాల్సింది బుష్షు ఒక్కటే అరగడం.

నైలాన్ బుష్షు మన లేతు షాపుల్లో తేలిగ్గా దొరుకుతుంది, గంటలో చేసిస్తారు కూడా. అయితే నైలాన్‌కు నీళ్లు తాగే అలవాటుంది. వానల్లో ఉబ్బి పిన్నును పట్టేస్తుంది, మే నెలలో ఎండి వదులవుతుంది. తాలిపేరు వాగు ఒడ్డున ఆగిపోయిన రోజు ఇంటికి చేరడానికి మాత్రం అది దేవుడిచ్చిన వరమే. చేరాక మార్చేయాలి.

ఇక అసలు పోటీ రబ్బరుకూ పాలియురేథేన్‌కూ. రెండూ మెత్తగానే కనిపిస్తాయి గానీ పని చేసే తీరు వేరు. లోపలి ఇనుప గొట్టానికి అతికించిన రబ్బరు బుష్షు జారదు. షాకిల్ ఊగినప్పుడు రబ్బరే లోపల మెలితిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. రాసుకోవడం లేదు కనుక గ్రీజు అక్కర్లేదు, బురద లోపలికి పోయే దారీ ఉండదు. పైగా ఒక చక్రం గుంతలో, ఇంకొకటి గట్టు మీద ఉన్నప్పుడు కట్ట పక్కకు మెలిపడుతుంది చూడండి, దాన్ని కూడా రబ్బరు ఓర్చుకుంటుంది. పాలియురేథేన్ అలా ఒదగదు. అది ఇనుప గొట్టం చుట్టూ జారుతూ తిరుగుతుంది కాబట్టి సిలికాన్ గ్రీజు కావాలి, అది ఎండితే కిర్రుమంటుంది. గట్టిదనాన్ని షోర్ ఎ కొలతలో చెబుతారు. మామూలు రబ్బరు బుష్షులు 60, 70 దగ్గర, పాలియురేథేన్‌వి 80 నుంచి 95 దాకా ఉంటాయి. గట్టిది వేస్తే బండి రోడ్డు మీద నిటారుగా, ఊగకుండా పోతుంది. రబ్బరు మింగే దెబ్బను మాత్రం అది హ్యాంగర్‌కు చేరవేస్తుంది. ముప్పయ్యేళ్ల ఛాసిస్‌కు అది ఏ మాత్రం దయ కాదు.

పాలియురేథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. అందులోనూ రెండు జాతులున్నాయన్న సంగతి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. పాలియెస్టర్ జాతి నూనెకు తట్టుకుంటుంది, వేడీ తేమా కలిస్తే లోపలి బంధాలు తెగి పొడిపొడి అవుతుంది. పాలీఈథర్ జాతి తేమకు ఓర్చుకుంటుంది. పెళ్లికి కొన్న బూట్లు మూడేళ్లు బీరువాలో ఉంచి, ఇంకో పెళ్లికి తీసి తొడిగితే మండపం దాకా వెళ్లకముందే అడుగు ఊడి రాలడం మీలో కొందరు చూసే ఉంటారు. ఆ రాలింది చాలాసార్లు మొదటి జాతిదే. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం, ఆపైన జూలై నుంచి గోదావరి తేమ. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు పోయింది, మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. వరద తీశాక రోడ్ల మీద మిగిలే ఒండ్రు బండి కింద ఏ సందునూ వదలదు. ఇక్కడ పాలియురేథేన్ కొనేవాళ్లు ఎరుపా పసుపా అని కాక, ఈథరా ఎస్టరా అని అడగాలి. రంగు రంగే, దానికి ఏ గుణమూ లేదు. అడిగినదానికి జవాబు తెలియని చోట కొనకపోవడం మేలు.

రబ్బరుకూ శత్రువులున్నారు. వాటిలో పెద్దది మనం డబ్బిచ్చి చేయించుకునేదే: వాటర్ సర్వీసింగ్ అయ్యాక బండి కింద కొట్టించే డీజిల్ స్ప్రే. తుప్పు పట్టదని ఒకరు, చప్పుడు రాదని ఒకరు కొట్టిస్తారు. సహజ రబ్బరు డీజిల్ తాగి ఉబ్బి, మెత్తబడి, చివరికి జిగటగా ఊడి వస్తుంది. కమాన్ పట్టీలకు వాడేసిన ఇంజనాయిల్ పూసినా ఇదే గతి. ఇంజన్ నుంచి ఆయిల్ కారే పాత డీజిల్ జీపైతే ముందు ఆ కారుడు ఆపాలి. బుష్షు తర్వాత సంగతి.

కొనేటప్పుడు నేను చూసేవి కొన్నే. బుష్షును వేళ్లతో గట్టిగా వంచితే పైన సన్నటి బీటలు కనబడితే అది షెల్ఫులోనే ముసలిదైపోయింది. తెల్లగుడ్డతో రుద్దితే కాటుకలా నల్లగా అంటితే రబ్బరు తక్కువ, పొడి ఎక్కువ. లోపలి గొట్టానికీ రబ్బరుకూ మధ్య గోరు దూరితే వద్దు. మంచిదానికీ నాసిదానికీ ధరలో తేడా ఒక పూట డీజిల్ ఖర్చు కూడా ఉండదు, విప్పి బిగించే కూలీ మాత్రం రెండిటికీ ఒకటే.

నా జీపుకు చివరికి కదలని కొసల్లో అసలు కంపెనీ రబ్బరు, షాకిళ్ల దగ్గర పాలీఈథర్ వేయించాను. షాకిల్ వైపు తిరుగుడు ఎక్కువ, అక్కడ జారే గుణం పనికొస్తుంది. కదలని కొసకు బ్రేకు దెబ్బ, రాయి దెబ్బ నేరుగా తగులుతాయి, అక్కడ మింగే గుణం కావాలి. షాకబ్జర్ల కన్నాల్లోనూ రబ్బరే. నాలుగు చక్రాలకూ అన్నీ ఎర్రవే వేయించుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల బళ్లు హైవే మీద బాగుంటాయి.

ఇంత ఎంచినా బిగింపులో పోగొట్టుకోవచ్చు. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టులు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే భంగిమనే సహజమనుకుంటుంది. బండి దించగానే బరువుకు కట్ట చదునై, రబ్బరు పిండిన బట్టలా మెలిపడి అలాగే ఉండిపోతుంది. నిలబడ్డ బండిలోనూ అది లాగబడుతూనే ఉంటుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. నా మొదటి సెట్టు అలాగే పోయింది, పాపం తిట్లు మాత్రం రబ్బరుకు పడ్డాయి. బోల్టులు సగం బిగించి, బండిని నేల మీదికి దించి, రెండుసార్లు ఊపి, అప్పుడు కిందికి దూరి పూర్తిగా బిగించాలి.

ఈసారి ఆ సంగతి ముందే చెప్పాను. మేస్త్రి జాకీ అప్పటికే తీసేశాడు. "ఇప్పుడు మళ్లీ కిందికి దూరాల్నా సార్?" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. "దూరాలన్నా" అన్నాను. బండి వంకా నా వంకా చూశాడు. టీ తెప్పించాను. తాగి, దూరాడు.