యంత్రనాదం – జనహృదయం

ముషాయిరాలో కూర్చున్నవారికి ఒక అనుభవం సుపరిచితమే. షాయర్ గజల్‌లోని తొలి షేర్ చదవగానే కాఫియా, రదీఫ్‌లు సభకు తెలిసిపోతాయి. తరువాతి షేర్‌లో ఆయన మొదటి పాదాన్ని రెండు మూడుసార్లు చదివి, రెండవ పాదాన్ని కొంత జాగుచేసి అందిస్తాడు. రదీఫ్ వచ్చే వేళకు సభ యావత్తూ ఆయనతో గొంతు కలుపుతుంది. మన శతకపద్యాలలోని మకుటమూ ఇట్టిదే. రానున్నది ఏమిటో తెలిసియుండి కూడ దానికై ఎదురుచూడటంలో ఒక విశిష్టమైన ఆనందమున్నది. నేటి యువతీయువకులు వింటున్న ‘ట్రాన్స్’ అనే నృత్యసంగీతాన్ని అర్థం చేసికొనుటకు నాకీ పోలికయే దారి చూపినది.

ఒకనాడు మా విద్యార్థి ఒకడు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని తలయూపుతూ వరండాలో కూర్చున్నాడు. “ఇది సంగీతమా, పిండిమర మోతా?” అని పరిహసించాను. “ఒక్క పాట పూర్తిగా విని చెప్పండి సార్” అన్నాడు. అతడు వినిపించినది ‘అబవ్ అండ్ బియాండ్’ అనే బృందం 2011లో వెలువరించిన ‘సన్ అండ్ మూన్’ అనే పాట. ప్రియమైనవారికి దూరమైన ఒక మనిషి వేదన అది.

ట్రాన్స్ అనగా తన్మయావస్థ. ఈ సంగీతశాఖ 1990 ప్రాంతంలో జర్మనీలో, ముఖ్యంగా ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో, రూపుదిద్దుకొన్నది. దీని నిర్మాణం సరళమైనది. నిమిషానికి సుమారు 125 నుండి 140 దెబ్బల వేగంతో ఢంకా సమంగా మోగుతూ ఉంటుంది. నాలుగేసి దెబ్బలు ఒక ఆవృత్తం. ఎనిమిదేసి, పదహారేసి ఆవృత్తాలకు ఒక కొత్త స్వరం చేరుతుంది, లేదా ఒకటి తొలగిపోతుంది. నిమిషానికి 128 దెబ్బల పాటలో ఎనిమిది ఆవృత్తాలకు పట్టే కాలం సరిగా 15 సెకండ్లు. ఈ లెక్క వినేవారి కాళ్లకు తమకు తెలియకుండానే తెలిసిపోతుంది.

పాట నడుమ ఢంకా హఠాత్తుగా ఆగిపోతుంది. దీనిని ‘బ్రేక్‌డౌన్’ అంటారు. సింథసైజర్ స్వరాలూ, గాయకుని కంఠమూ మాత్రమే మిగులుతాయి. నాట్యమాడుతున్నవారు నిలిచిపోతారు. పిమ్మట దెబ్బలు క్రమంగా దగ్గరదగ్గరగా పడుతూ, నాదం పైపైకి పోతూ, ఇక ఓర్వలేమనే క్షణాన ఢంకా మరల మోగుతుంది. వేలాది పాదాలు ఒక్కసారిగా లేస్తాయి. రదీఫ్ కొరకు వేచియున్న సభకూ, ఈ సమూహానికీ నాకు భేదం కనిపించలేదు.

ఈ బృందంలో జోనో గ్రాంట్, టోనీ మెక్‌గిన్నెస్, ఫిన్లాండ్ దేశీయుడైన పావో సిల్యమాకి అని ముగ్గురున్నారు. జోనో, పావోలు లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో సహాధ్యాయులు. 2000లో వారు స్థాపించిన సంగీతసంస్థ పేరు ‘అంజునాబీట్స్’. అది మన గోవాలోని అంజునా సముద్రతీరం పేరు! 1960ల చివరి నుండి విదేశీ యువకులు చేరి, వెన్నెల రాత్రులలో ఆడిపాడిన తీరమది. ‘గోవా ట్రాన్స్’ అనే శాఖయే అక్కడ పుట్టినది. ఈ బృందపు అభిమానులు దేశదేశాలలో తమను తాము ‘అంజునా కుటుంబం’గా చెప్పుకొంటారు. 2004లో ఆరంభమైన వీరి వారపు రేడియో కార్యక్రమం 450వ భాగంతో, 2012 నవంబరులో, బెంగుళూరులోనే ముగిసినది. దాని స్థానంలో వచ్చిన కార్యక్రమానికి ‘గ్రూప్ థెరపీ’, అనగా సామూహిక చికిత్స, అని పేరుపెట్టారు.

ఆ పేరు ఊరక పెట్టినది కాదు. ప్రదర్శన జరుగుతుండగా వారు శ్రోతలనుద్దేశించి అప్పటికప్పుడు మాటలు టైపు చేయగా, అవి వెనుకనున్న పెద్దతెరపై కనిపిస్తాయి. మరొక ఆచారం ఇంకా ముచ్చటైనది. బ్రేక్‌డౌన్ సమయంలో గుంపులోనుండి ఒక అభిమానిని వేదికపైకి పిలుస్తారు. ఢంకాను మరల మోగించే మీటను ఆ అభిమానియే నొక్కాలి. సభ అంతా ఎదురుచూచే క్షణం ఒక సామాన్య శ్రోత వ్రేలికొసన ఉంటుంది.

“యంత్రాన్ని తీసివేస్తే వీరి సంగీతంలో మిగిలేదేమి?” అని పెద్దలు ప్రశ్నింపవచ్చును. దీనికి వారే సమాధానమిచ్చారు. 2013లో లాస్ ఏంజలిస్ నగరంలోని గ్రీక్ థియేటర్‌లో యంత్రనాదం విడిచి, తమ పాటలనే పియానో, గిటారు, తంత్రీవాద్యాలతో వినిపించారు. పాటలు నిలిచాయి.

అయితే విద్యార్థులకు రెండు మాటలు చెప్పక తప్పదు. ఈ సంగీతసభలను ఆసరా చేసికొని మాదకద్రవ్యాలు చొరబడటం పలుదేశాలలో చూచిన సత్యం. నాదమిచ్చే తన్మయత్వానికి విషంతో పనిలేదు. రెండవది చెవి. వినోదస్థలాలలో 15 నిమిషాల సగటు ధ్వని 100 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం నిర్దేశించినది. ఒకసారి పోయిన వినికిడి మరల రాదు.

ఆనాడు పాట ముగిసిన తరువాత ఆ విద్యార్థి అన్నమాట నన్ను ఆలోచింపజేసినది: “హాస్టల్‌కు వచ్చిన కొత్తలో రాత్రులు నిద్రపట్టేది కాదు సార్. ఇది వింటే ఎక్కడెక్కడివాళ్లో నాతోపాటు వింటున్నట్లుండేది.” ఒకే గదిలో నలుగురుండి కూడ ఒంటరిగా మిగిలే పిల్లలు మన మధ్య ఉన్నారని నేనంతవరకు గుర్తింపలేదు. పిండిమర మోత అన్న నా మాటను ఉపసంహరించుకొన్నాను. బదులుగా, ఈసారి ముషాయిరాకు నాతో రమ్మన్నాను. వస్తానన్నాడు.