మాతృభాష గడిలో మొదటి వరుస

బడిలో చేరే దరఖాస్తులు ఇప్పుడు కంప్యూటర్ తెర మీదికి వచ్చేశాయి. 'మాతృభాష' అన్నచోట నొక్కితే జాబితా కిందికి దిగుతుంది. అందులో తెలుగు ఏ పదో వరుసలోనో ఉంటుంది. తొందరలో ఆ గడిని ముట్టుకోకుండా వదిలేస్తే, చాలా ఫారాల్లో మొదట ఉన్న భాషే ఆ బిడ్డ మాతృభాషగా నమోదైపోతుంది. పిల్లల లెక్క మీద నిలబడే మన తెలుగు సెక్షన్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇందులో కంప్యూటర్ తప్పేమీ లేదు. హెచ్‌టీఎంఎల్‌లో ఈ జాబితాను 'సెలెక్ట్' అనే ట్యాగుతో మొదలుపెట్టి, లోపల ఒక్కో భాషకు ఒక్కో 'ఆప్షన్' ట్యాగు రాస్తారు. మనం ఏదీ ఎంచుకోకపోతే బ్రౌజరు మొదటి ఆప్షన్‌నే తీసుకుంటుంది. దీనికి మందు సులువే. మొదటి ఆప్షన్‌లో 'భాషను ఎంచుకోండి' అని రాసి, దాని 'వాల్యూ' ఖాళీగా ఉంచాలి. సెలెక్ట్ ట్యాగులో 'రిక్వైర్డ్' అన్న మాట చేర్చాలి. ఇక భాష ఎంచుకోనిదే ఫారం ముందుకు కదలదు. ఇంత చిన్న పని కూడా చేయని ఫారాలు ఎన్నో చూశాం.

ఈ వాల్యూ సంగతి తల్లిదండ్రులూ తెలుసుకోవాలి. తెర మీద కనిపించే మాట వేరు, లోపలికి వెళ్ళే మాట వేరు. హోసూరులో తల్లి తెలుగు లిపిలో చదివి ఎంచుకున్నా, బళ్ళారిలో తండ్రి కన్నడ లిపిలో చదివి ఎంచుకున్నా, రెండింటికీ ఒకే వాల్యూ ఇస్తే ఒకే లెక్కలో చేరతాయి. వాల్యూ రాయకపోతే కనిపించే మాటే వెళుతుంది. అప్పుడు 'తెలుగు' ఒక పద్దు, తమిళంలో రాసిన 'తెలుంగు' మరో పద్దు. పేజీ పైభాగంలో 'మెటా' ట్యాగుతో యూటీఎఫ్-8 అని ప్రకటించడం మరవకూడదు. లేదంటే మన అక్షరాలు పిచ్చిగీతలుగా కనిపించవచ్చు.

మాతృభాషకూ బోధనా మాధ్యమానికీ వేర్వేరు జాబితాలు ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళ మాధ్యమంలో చదివే బిడ్డ ఒకే జాబితాలో ఎక్కడ ఇమడగలదు? భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ 1956 నుంచీ రాష్ట్రాలకు చెబుతోంది. ఆ సౌకర్యం అడగడానికి వెళ్ళినప్పుడు ముందుగా అడిగేది పిల్లలెందరని.

మా ఎనిమిదో తరగతి పిల్లల చేత నోట్‌ప్యాడ్‌లోనే ఈ జాబితా రాయించాం. ఒక పీరియడ్ సరిపోయింది. 'భాషను ఎంచుకోండి' తర్వాత ఏ భాష పెట్టాలన్న దగ్గర మాత్రం కాసేపు వాదులాడుకున్నారు.