శాసనం ఆగిన చోట

కామవరపుకోట ప్రాంతంలో జీలకర్రగూడెం చేరినవారికి ఊరి దగ్గరి కొండమీద గుంటుపల్లి గుహలు కనిపిస్తవి. క్రీస్తుకు పూర్వపు శతాబ్దాలనుండి బౌద్ధభిక్షువులు నివసించిన విహారాలు అవి. వానిలో గుండ్రని చైత్యగృహ మొకటి ఉన్నది. లోపల నిలిచి తల పైకెత్తితే కప్పునిండా వాసాలు. అవి కొయ్యవి కావు. ఇంటికప్పు వేయడం తెలిసిన చేతులు కొండను తొలిచినప్పుడు కూడ వాసాలు లేని కప్పును ఊహించలేకపోయినవి కాబోలు, ఏ బరువూ మోయనక్కరలేని ఆ వాసాలను రాతిలో శ్రద్ధగా చెక్కినవి.

అక్కడ దొరికిన ఒక బ్రాహ్మీ శాసనంలో మహామేఘవాహన వంశీయుడూ, కళింగ మహిషకాధిపతీ అయిన ఒక రాజు ప్రసక్తి ఉన్నది. మొదట దానిని ఖారవేలుని శాసనంగా చదివినారు. తరువాతి పండితులు సిరి సద అని సరిదిద్దినారు. మమ్ము నిలిపివేసినది మాత్రం రాజు పేరు కాదు. మండపం దానం చేసినది రాజు కాడు, ఆయన కొలువులోని లేఖకుడు. చులగోముడని అతని పేరు. నేటి మాటలో చెప్పవలెనంటే గుమాస్తా. జీవితమంతా ఒకరి ఆజ్ఞలు వ్రాసిపెట్టినవాడు ఒక్కసారి తన పేరు తాను రాతిమీద చెక్కించుకొన్నాడు. మండపం కట్టించేటంత సొమ్ము అతనికి ఎక్కడిది? ఎవరి పుణ్యం కోరి కట్టించినాడు? తల్లి కోసమా, పోయిన బిడ్డ కోసమా? ఒక్క ప్రశ్నకూ శాసనం బదులు చెప్పదు. అక్కడ చరిత్రకారుడు కలం క్రింద పెట్టవలసినదే. పెట్టకపోతే ఆయన చరిత్రకారుడు కాడు.

నవలాకారునికి వ్యసనం తగులుకొనేది సరిగా అక్కడనే.

ఇంతటి సమస్యలు కళ్ళయెదుట ఉండగా రాజులూ రాకుమార్తెల ప్రణయకథలు మీకెందుకని మమ్ము అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇది పలాయన మని కొందరంటారు. కావచ్చును, కొంతవరకు. కాని మన భాషలో ఈ రచన పుట్టిన తీరు చూస్తే అది పారిపోవడంగా కనిపించదు, వెదుక్కోవడంగా కనిపిస్తుంది. ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు 1890ల నాట 'హేమలత' వ్రాసినప్పుడు కథకోసం రాజపుత్రుల నాటికి పోవలసివచ్చినది. కర్నల్ టాడ్ దొర వ్రాసిన రాజస్థాన చరిత్రయే ఆనాటి రచయితలకు పెద్ద గని. ఇంటి ప్రక్కన వేంగీనగరం మట్టిదిబ్బయై పడి ఉండగా చిత్తూరుగఢ్ దాకా ఎందుకు పోయినారంటే, ఆంధ్రుల చరిత్ర అప్పటికి తెలుగున పుస్తకమై రాలేదు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడినది. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం వెలువడినది. ఆ తరువాతనే, 1914లో, కేతవరపు వేంకటశాస్త్రిగారి 'రాయచూరు యుద్ధము' వచ్చినది. చరిత్రకారుడు దారి వేసిన వెనుకనే నవలాకారుడు బండి కట్టినాడన్నమాట. పరపాలనలో ఉన్న జాతికి తన తాతలను గురించి వినవలెననే ఆకలి ఎంతటిదో, నేడు కడుపునిండిన మనము సులువుగా ఊహించలేము.

ఈ డెల్టా గడ్డమీదనే, భీమవరం ప్రాంతంలో, 1895లో పుట్టిన అడివి బాపిరాజుగారిని చూడండి. సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళినారు, న్యాయశాస్త్రం చదివినారు, అన్నిటికీ మించి చిత్రకారులు. శాతవాహనుల నాటికి 'హిమబిందు', ఇక్ష్వాకుల నాటికి 'అడవి శాంతిశ్రీ', వేంగీ చాళుక్యుల నాటికి 'అంశుమతి', కాకతీయులకు 'గోన గన్నారెడ్డి' వ్రాసినారు. ఆయన నవలలో స్త్రీ ఒకతె ప్రవేశిస్తే ముందు ఆమె తలకట్టు, నగలు, చీర కుచ్చెళ్ళు కనిపిస్తవి. మాట తరువాత వినిపిస్తుంది. అమరావతి శిల్పాన్ని కన్నులారా చూచిన చిత్రకారునికి ఆ రాతిబొమ్మలు కదలకుండా ఉండడం భరింపరాని విషయమై ఉంటుందని మా ఊహ. వర్ణన ఎక్కువైనదని విసుగుకొనే పాఠకులున్నారు. మేమూ కొన్ని పుటలు దాటవేసినవారమే. మళ్ళీ వెనుకకు పోయి చదివినవారమూ మేమే.

అయితే ప్రణయమే ఎందుకు? శాసనాలలో అన్నీ ఉన్నవి, అదొక్కటి లేదు కనుక. యుద్ధం ఉన్నది, దానం ఉన్నది, వంశావళి ఉన్నది. పెళ్ళికూడా ఉన్నది, కాని సంధిషరతుగా ఉన్నది. వేంగీ చాళుక్య విమలాదిత్యుడు చోళ రాజరాజు కుమార్తె కుందవను పెండ్లాడినాడు. వారి కుమారుడు రాజరాజనరేంద్రుడు రాజేంద్రచోళుని కుమార్తె అమ్మంగదేవిని చేసుకొన్నాడు. వారి బిడ్డ 1070లో కులోత్తుంగుడై చోళ సింహాసన మెక్కినాడు. మూడు తరాల కథ మూడు వాక్యాలలో ముగిసినది. కాని కావేరీతీరంనుండి గోదావరీతీరానికి వచ్చిన ఆ పిల్ల మొదటి రాత్రి అత్తవారి వాకిట ఏ భాషలో మాట్లాడినది? నన్నయగారు భారతం తెనిగిస్తున్న కొలువులో ఆమెకు ఎంత అర్థమైనది? ఈ రాజరాజు కాలాన్నే నోరి నరసింహశాస్త్రిగారు 'నారాయణభట్టు' నవలకు తీసుకొన్నారు. ఆమెకోసం ఇంకొక నవల వ్రాసినా చోటు మిగులుతుంది.

కొల్లేటి సంగతి ఇంకొక విధం. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి రెండవ పులకేశి విజయాలు వర్ణిస్తూ కునాల సరస్సును పేర్కొన్నాడు. మృతవీరుల నెత్తుటితో దాని నీరు రంగు మారినదన్నాడు. ఆ కునాలమే మన కొల్లేరని పండితుల నిర్ణయం. ఆ యుద్ధం తరువాతనే పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిలో రాజ్యం నెలకొల్పినాడు. ఇది రాజకవి చెప్పిన కొల్లేరు. ఊరివారు చెప్పే కొల్లేరు మరొకటి: కొల్లేటికోటను పట్టలేక చిగురుకోట దగ్గర విడిసిన సేనాపతి, సరస్సు నీరు సముద్రానికి దింపుటకు కాలువ త్రవ్వించి, అది పారడానికి కన్నకూతురినే బలియిచ్చినాడట. పేరంటాల కనుమ అని ఆ కాలువకు పేరు. ఇది చరిత్ర అని మేము అనము. కాని మేము విన్న కథలో తండ్రి పదవి ఉన్నది, కోట పేరున్నది, కాలువ పేరున్నది. ఆ పిల్ల పేరు లేదు. చారిత్రక నవల వ్రాయబుద్ధి ఎందుకు పుడుతుందని ఎవరైనా నిలదీస్తే మేము చూపగల సాక్ష్యం ఆ పిల్లయే.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. గోన గన్నారెడ్డి కాకతీయుల సామంతుడు. రాయచూరు కోటగోడలో 40 అడుగుల పైచిలుకు పొడవున్న ఒక్క రాతిమీద 1294 నాటి తెలుగు శాసనం ఉన్నది. గన్నారెడ్డి పక్షాన విఠలుడు ఆ కోట కట్టించినట్లు అది చెబుతుంది. ఆ రాతిని బండ్లమీద ఈడ్చుకొని వచ్చిన దృశ్యంకూడ అక్కడ గీసి ఉన్నది. కాని నేడు గన్నారెడ్డి అనగానే పదిమందికీ తోచేది గజదొంగ. అది బాపిరాజుగారి కల్పన. 2015లో 'రుద్రమదేవి' చలనచిత్రం ఆ రూపాన్ని ఇంటింటికీ చేర్చినది. కల్పన అందంగా ఉన్నకొద్దీ నిజం ఒదిగిపోతుంది. కాబట్టి నవల చివర ఇది మా ఊహ, ఇది శాసనంలోనిది అని రెండు పుటలు వ్రాయడం రచయితకు చిన్నతనం కాదని మా అభిప్రాయం.

ఇక పక్షపాతం మాట. తమిళంలో కల్కిగారు 1940లలో వ్రాసిన 'శివకామియిన్ శపథం'లో ఇదే పులకేశి కాంచీపురం మీదికి వచ్చిన శత్రువు. వేంగి కథ చెప్పేవానికి ఆయన రాజవంశ మూలపురుషునికి అన్న. కాంచిలో నిలుచుంటే ఒక నవల, పెదవేగి దిబ్బమీద నిలుచుంటే మరొక నవల. రెండూ చదివిన పాఠకుడు అదృష్టవంతుడు. ఒక్కటే చదివినవాడు దానినే చరిత్ర అని పోట్లాటకు దిగుతాడు.

మా అనుభవం ఒకటి చెప్పవలెను, సిగ్గుపడుతూనే. విష్ణువర్ధనుని కాలపు కథ ఒకటి వ్రాస్తూ రాజుగారి వంటశాలలో మిరపకాయలు వేయించినాము. ఘాటుకు దాసి తుమ్మినది. ఆ తుమ్ముతోనే నాయకుడు ఆమెను చూచినాడు. ఎంతో ముచ్చటపడి వ్రాసిన ఘట్టం. వ్రాతప్రతి చదివిన మిత్రుడు, మిరప అమెరికాది, పోర్చుగీసులు వచ్చినదాకా ఈ దేశం దాని ముఖం చూడలేదని గుర్తుచేసినాడు. కారానికి మిరియం తెచ్చుకొన్నాము, తుమ్ము దక్కినది. తరువాత కామవరపుకోట మెట్టసీమలో తిరుగుతూ చూచినకొద్దీ భయం వేసినది. పొగాకు, జీడిమామిడి, మొక్కజొన్న, కోకో అమెరికాఖండంనుండి వచ్చినవి, ఆయిల్‌పామ్ ఆఫ్రికాది. వీనినన్నిటినీ కంటిముందునుండి తుడిచివేస్తేగాని చులగోముడు నడిచిన దారి కనిపించదు. తాడి, మామిడి, వరి, పశువులు మిగులుతవి. కొండ మిగులుతుంది.

ఆ లేఖకుని కథ ఇప్పుడు వ్రాస్తున్నాము. అతనికొక ఇల్లూ, తాటాకు కట్టలూ, ఇంట్లో కొంచెం కోపిష్ఠియైన భార్యా ఏర్పడినారు. ఆమె పేరు ఆనాటి ప్రాకృతంలో ఉండవలెను, మన చెవికి తెలుగింటి ఆడపడుచు పేరుగా వినబడవలెను. ఇంకా కుదరలేదు.