గురివిందగింజల బలము

2001వ సంవత్సరము జూలై 12వ తేదీన దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుండి ఏరియేన్-5 రాకెట్టు ఆర్టెమిస్ అను ఉపగ్రహమును మోసికొని పైకెగసెను. అది యూరపు అంతరిక్ష సంస్థ వారిది. చేరవలసిన చోటు భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల యెత్తున నున్న భూస్థిర కక్ష్య. భూమి తన చుట్టు తాను తిరుగు కాలములోనే అచ్చటి ఉపగ్రహము భూమిని ఒకమారు చుట్టివచ్చును. కావున అది ఆకాశమున ఒకేచోట నిలిచినట్లు కనబడును.

కాని రాకెట్టు పై అంతస్తు సరిగా పనిచేయలేదు. ఉపగ్రహము 17,500 కిలోమీటర్లకు మించి పోజాలని కక్ష్యలో చిక్కుకొనెను. శాస్త్రజ్ఞులు దానియందలి ఇంధనమును మండించి, కొలది దినములలో 31,000 కిలోమీటర్ల యెత్తునకు చేర్చిరి. అంతటితో ఇంధనములో చాల భాగము వ్యయమయ్యెను. ఇంకను సుమారు 5,000 కిలోమీటర్లు మిగిలియుండెను.

ఆర్టెమిస్‌లో నాలుగు విద్యుత్ యంత్రములు కూడ నుండెను. అవి వేఱొక పనికి ఉద్దేశింపబడినవి. కక్ష్య చేరిన ఉపగ్రహము కదలక యుండునని తలచుట పొరపాటు. సూర్యచంద్రుల ఆకర్షణ దాని కక్ష్యను ఏటేట కొంత వంచుచుండును. సరిదిద్దనిచో అది ఉత్తరదక్షిణములకు ఊగుచు, నేలమీది ఏంటెన్నాల గురి తప్పును. ఈ సవరణకు ఇంధనము కావలెను. ఇంటిలో బియ్యమువలె అది నిండుకొనిననాడు, పరికరములన్నియు చక్కగా నున్నను ఉపగ్రహమునకు ఆయువు తీరినట్లే.

విద్యుత్ యంత్రము ఇచ్చటనే అక్కఱకు వచ్చును. పదార్థమును వెనుకకు విసరినచో వాహనము ముందుకు సాగును. ఎంత వేగముగా విసరిన అంత తక్కువ పదార్థము చాలును. మండిన వాయువులు సెకండునకు సుమారు 3 కిలోమీటర్ల వేగముతో వెలువడును. విద్యుత్ యంత్రములో మంట లేదు. జీనాన్ అను వాయువు పరమాణువులనుండి ఎలక్ట్రానులను విడదీసి, విద్యుదావేశము పొందిన ఆ కణములను అధిక వోల్టేజితో తఱుముదురు. వాని వేగము సెకండునకు సుమారు 30 కిలోమీటర్లు. కావలసిన విద్యుత్తును సూర్యరశ్మి ఇచ్చును.

అయితే దాని బలము నవ్వు పుట్టించునంత స్వల్పము. ఆర్టెమిస్‌లోని ఒక్కొక్క యంత్రపు త్రోపు, కంసాలి త్రాసులో పండ్రెండు పదునైదు గురివిందగింజల యెత్తు మాత్రమే! టన్నుకు మించిన ఉపగ్రహమును అది కదల్చునా? శూన్యములో ఎదిరించు గాలి లేదు. నెలల తరబడి త్రోయుచునే యుండవచ్చును.

ఆ యంత్రములు ఉత్తరదక్షిణములకు త్రోయునట్లు అమర్చబడినవి. కావున ఉపగ్రహమునే ప్రక్కకు త్రిప్పవలసివచ్చెను. దానిని నడపు ఆజ్ఞావళిలో కొంత భాగమును తిరిగి వ్రాసి, రేడియో మూలమున పంపిరి. 2002 ఫిబ్రవరిలో ప్రయాణము మొదలయ్యెను. దినమునకు సుమారు 15 కిలోమీటర్లు. బాటసారి ఒక పూటలో నడచు దూరము! నడుమ కొన్ని యంత్రములు మొరాయించెను. అయినను 2003 జనవరి 31న ఆర్టెమిస్ తన స్థానమును చేరి, పదేండ్లకు పైగా పనిచేసెను.

2015 మార్చిలో అమెరికానుండి ఎగసిన రెండు ఉపగ్రహములకు మండు ఇంధనమే లేదు. విద్యుత్ యంత్రములతోనే అవి కొన్ని నెలలకు భూస్థిర కక్ష్యను చేరెను. తొందరపడు యజమానికి ఈ ఆలస్యము రుచింపదు గాని, బరువు తగ్గినందున ప్రయోగపు ఖర్చు తగ్గును. 2017 మే 5న శ్రీహరికోటనుండి పంపిన జీశాట్-9లో కూడ, స్థానమును కాపాడుకొనుటకు విద్యుత్ యంత్రములను అమర్చిరి.